నాగసాకి ట్రామ్ డే పాస్ రివ్యూ: 600 యెన్ల కాయితం ముక్క, మధ్యలో మా బందరు

జపాన్ టూర్‌కి వచ్చే మనవాళ్ళ లిస్టు నాకు కంఠతా వచ్చేసింది. టోక్యో, ఫుజి, క్యోటో, నారాలో జింకలకి బిస్కెట్లు, ఓపికుంటే హిరోషిమా, అక్కణ్ణుంచి వెనక్కి. నాగసాకి అంటే చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో హిరోషిమా పక్కన కామా పెట్టి చదూకున్న పేరే గానీ అదొక ఊరని, అక్కడ ఆ బాంబుకి ముందు కూడా ఏదో జరిగిందని ఎవరికీ పట్టదు. నేనేం తక్కువ తిన్లేదు, ఫుకుఓకాలో ఉంటూ, గంటన్నరలో వెళ్ళిపోగలిగే ఊరికి మూడేళ్ళపాటు వెళ్ళలా. పోయిన మే నెలాఖరులో అమ్మా నాన్నా బందరు నుంచి వస్తే, నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు కాబట్టి, ఆయనే పట్టుబట్టి తీసుకెళ్ళమంటే వెళ్ళాం. రెండు రోజులు. అంతా ట్రామ్ మీదే. అందుకే ఈ రివ్యూ ట్రామ్ పాస్‌కి, దాంతోపాటు ఆ లైన్ల వెంట చూసినవాటికి.

ఫుకుఓకాలోని హకతా స్టేషన్లో రిలే కమోమె అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తకెఒ ఒన్సెన్‌లో దిగాలి, ఎదురు ప్లాట్‌ఫాం మీదే షింకన్‌సెన్ (బుల్లెట్ ట్రెయిన్) రెడీగా ఉంటుంది, అందులోకి మారడమే. 2022 సెప్టెంబర్‌లో మొదలైన లైన్ ఇది, మొత్తం పొడవు 66 కిలోమీటర్లే, ఎక్కి కూర్చుని అమ్మ జడ సర్దుకునే లోపు నాగసాకి వచ్చేసింది. సగానికి పైగా సొరంగాలే కాబట్టి కిటికీ సీటు కోసం కొట్టుకోకండి.

ఇక పాస్ సంగతి. మేం వెళ్ళినప్పుడు ట్రామ్‌లో ఎక్కడెక్కి ఎక్కడ దిగినా ఒకటే రేటు, 140 యెన్లు. డే పాస్ 600. అంటే ఐదోసారి ఎక్కిన దగ్గర్నుంచి లాభం. (రేట్లు పెరుగుతూ ఉంటాయి, వెళ్ళేముందు చూసుకోండి.) మేం మొదటి రోజు ఏడుసార్లు, రెండో రోజు ఆరుసార్లు ఎక్కాం, లెక్క మీరే వేసుకోండి. ఇందులో ఒక తిరకాసు ఉంది, కాయితం పాస్ ట్రామ్‌లో అమ్మరు. ఎక్కేసి డ్రైవర్ని అడిగితే ఆయన ఎంతో మర్యాదగా వంగి లేదని చెప్తాడు, అంతే. స్టేషన్లో టూరిస్ట్ ఇన్ఫర్మేషన్ కౌంటర్ ఉంటుంది, ముందే అక్కడ కొనుక్కోండి, చాలా హోటళ్ళ రిసెప్షన్లో కూడా అమ్ముతారు. వెనక డోర్లోంచి ఎక్కి ముందు డోర్లోంచి దిగాలి, దిగేటప్పుడు డ్రైవర్‌కి పాస్ చూపిస్తే చాలు. నాన్న మొదటిసారి ముందు డోర్లోంచి ఎక్కబోయారు, బందరు బస్టాండ్ అలవాటు, దిగే జనం అందరూ ఏమీ అనకుండా ఆగిపోయి ఆయన వైపే చూస్తే ఆయనే సిగ్గుపడి వెనక్కొచ్చారు.

లైన్లు రంగుల్లో ఉంటాయి. 1 నీలం, 3 ఎరుపు, 4 పసుపు, 5 ఆకుపచ్చ. స్టేషన్ ముందర 1, 3 రెండూ ఒకే పట్టాల మీద వస్తాయి. మేం దెజిమా అనే పాత డచ్చి దీవికి వెళ్దామని వచ్చిన మొదటి ట్రామ్ ఎక్కేశాం, అది 3. దెజిమా వైపు వెళ్ళేది 1. ఐదు నిమిషాల తర్వాత ఊళ్ళోకి ఎటో తిప్పి సువ జింజ దగ్గర దింపింది. అమ్మ ముందే అంది ఆ బోర్డు మీద అంకె వేరేగా ఉందిరా అని, విన్లేదు. చేతిలో పాస్ ఉంది కాబట్టి తప్పు ట్రామ్‌కి డబ్బులు పోలేదు, పైగా సువ జింజ చూసినట్టు కూడా అయింది. కొండ మీద గుడి, బోలెడన్ని మెట్లు, అమ్మ కిందే కూర్చుంది. అక్టోబర్ 7 నుంచి 9 దాకా ఇక్కడ కుంచి అనే పెద్ద జాతర జరుగుతుంది, చైనా డ్రాగన్ డాన్సు, చక్రాల మీద ఓడలు లాగడం, డచ్చివాళ్ళ వేషాలు అన్నీ ఉంటాయట. జపాన్ గుడి ఉత్సవంలో చైనా డ్రాగను, డచ్చి టోపీ! 1634లో మొదలైన జాతర.

అక్కణ్ణుంచి ఏటి వెంట నడుచుకుంటూ మెగానె బషి దగ్గరికొచ్చాం. కళ్ళజోడు వంతెన అని అర్థం, రెండు రాతి కమానులు, నీళ్ళలో నీడ పడితే గుండ్రటి కళ్ళద్దాల్లా కనపడుతుంది. చైనా నుంచొచ్చిన ఒక బౌద్ధ సన్యాసి కట్టించాడట, ఇది కూడా 1634. 1982 జూలై 23న ఈ ఊరి మీద వాన విరుచుకుపడింది, జిల్లా మొత్తంలో 299 మంది పోయారు, ఈ వంతెన కూడా సగం కొట్టుకుపోతే ఏట్లో పడిన రాళ్ళు ఏరి తెచ్చి మళ్ళీ కట్టారు. కుర్రాళ్ళందరూ ఒడ్డు గోడలో హార్ట్ ఆకారంలో ఉన్న రాయి కోసం వెతుకుతూ ఉంటారు, పక్కన వంతెన మీద ఎవడి చూపూ ఉండదు. గట్టు మీద ఒక ముసలావిడ చిరిన్ చిరిన్ ఐస్ అమ్ముతోంది, గరిటెతో రేకు రేకుగా అద్ది గులాబీ పువ్వు చేసి ఇస్తుంది, మన పుల్లైసు రుచికి దగ్గర్లో ఉంటుంది. రెండు రోజుల్లో అమ్మ అనుమానం లేకుండా తిన్న మొదటి వస్తువు ఇదే.

ఇప్పుడు దెజిమా. ఈ రివ్యూలో సగం దీని గురించే ఉంటుంది, ముందే చెప్తున్నా, ఓపిక లేనివాళ్ళు కింద చర్చి దగ్గరికి దూకేయండి.

టికెట్ 520 యెన్లు. బయట్నుంచి చూస్తే ఏమీ అనిపించదు, ఒక పక్క ఏరు, మిగతా పక్కల రోడ్లు, ట్రామ్ పట్టాలు, ఆఫీసు బిల్డింగులు, మధ్యలో పాతకాలం పెంకుటిళ్ళు కొన్ని. కానీ ఇది ఒకప్పుడు దీవి. సముద్రంలో మట్టిపోసి, విసనకర్ర ఆకారంలో, 1636కి కట్టి పూర్తిచేశారు. డబ్బులు పెట్టింది ప్రభుత్వం కాదు, ఊళ్ళో ఉన్న 25 మంది షావుకార్లు, పెట్టి, అద్దెకిచ్చుకున్నారు. ముందు పోర్చుగీసు వాళ్ళని అందులో పెట్టారు, ఊళ్ళో తిరిగి మతం మార్చేస్తున్నారని భయం. 1639లో వాళ్ళని పూర్తిగా వెళ్ళగొట్టేశారు, దీవి ఖాళీ అయింది, షావుకార్లకి అద్దె పోయింది. 1641లో హిరదొ అనే ఊళ్ళో ఉన్న డచ్చి ఈస్టిండియా కంపెనీ వాళ్ళని బలవంతంగా తెచ్చి ఇందులో కూర్చోబెట్టారు. అప్పట్నుంచి రెండు వందల ఏళ్ళకి పైగా జపాన్‌లో యూరప్ వాళ్ళు వ్యాపారం చేసుకోవడానికి ఉన్నది ఈ ఒక్క చోటే. నాలుగెకరాలు కూడా లేదు. అనుమతి లేకుండా వంతెన దాటి ఊళ్ళోకి రాకూడదు. ఊళ్ళోవాళ్ళు కూడా అధికారులు, దుబాసీలు, వర్తకులు, వేశ్యలు తప్ప లోపలికి పోకూడదు. అంటే నాలుగెకరాల జైలు, కాకపోతే లాభాలొచ్చే జైలు.

లోపల ఇళ్ళన్నీ మళ్ళీ కట్టినవే, అది తెలుసుకునే వెళ్ళండి, పాతది అనుకుని వెళ్తే సినిమా సెట్టింగ్ లాగా అనిపించొచ్చు. మెయిజీ చక్రవర్తి కాలంలో (1868-1912) చుట్టూ సముద్రం పూడ్చేశారు, దీవి ఊళ్ళో కలిసిపోయి మాయమైంది. దాన్ని పునాదులు తవ్వి, పాత బొమ్మలు చూసి, ఒక్కో ఇల్లూ కట్టుకుంటూ వస్తున్నారు. 2017లో అసలు వంతెన ఉన్న చోటే కొత్త వంతెన వేశారు, ఏరు దాటి ముందు గుమ్మంలోంచి వెళ్ళడం అప్పట్నుంచే. కపితాన్ ఇల్లు పెద్దది, కంపెనీ పెద్దాయన ఉండే ఇల్లు. చెప్పులు విప్పి పైకెక్కాలి. కింద చాపలు, జపాన్ కాయితంతో అతికించిన గోడలు, ఆ చాపల మీద డచ్చి బల్లలు, కుర్చీలు, పెద్ద డైనింగ్ టేబుల్ మీద పండగ విందు పెట్టినట్టు బొమ్మ వంటకాలు. చాప మీద కుర్చీ వెయ్యడం చూసి అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది, మన ఇళ్ళలో మడి చాప మీద కుర్చీ వేసినట్టుంది అని.

నెపోలియన్ హాలెండ్‌ని మింగేసిన రోజుల్లో కూడా ఆ దేశం జెండా ఇక్కడ మాత్రం ఎగురుతూనే ఉంది. డూఫ్ అనే పెద్దాయన 1803 నుంచి 1817 దాకా ఇందులోనే పెద్దరికం చేశాడు, మధ్యలో ఏళ్ళ తరబడి ఓడలు రాలేదు. నాన్న ఆ బోర్డు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నేను ఫోన్ చూసుకుంటున్నా.

గోడౌన్ల దగ్గర మొదలైంది అసలు కథ. ఓడల మీద ఏమేమి దిగేవో పెట్టారు, పంచదార, తోళ్ళు, పట్టు, మసాలాలు, మందులు, ఇండియా బట్ట. ఇక్కణ్ణుంచి ఏం ఎక్కించేవాళ్ళంటే ముఖ్యంగా రాగి, కడ్డీలుగా పోసిన రాగి. నాన్న ఆగి "ఒరే, ఇండియా అంటే ఎక్కడనుకుంటున్నావ్?" అన్నారు. ఎక్కడా అన్నాను. "మనూరే" అన్నారు.

ఆయన చెప్పింది ఇది. డచ్చి కంపెనీ 1602లో పెట్టారు, మూడు నాలుగేళ్ళు తిరక్కుండానే మచిలీపట్నంలో వ్యాపార కోఠీ తెరిచారు, గోల్కొండ సుల్తాను రాజ్యంలో. ఎందుకంటే తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్ళు వెండి కంటే మన తీరం అద్దకం గుడ్డలు ఎక్కువ అడిగేవాళ్ళు. ఆ గుడ్డలు బతావియా (ఇప్పటి జకార్తా) చేరి, అక్కణ్ణుంచి ఏటా వచ్చే ఓడల్లో దెజిమాకి వచ్చేవి. జపాన్‌లో వాటిని సరసా అంటారు, ఇప్పటికీ. టీ వేడుకల్లో ఆ చిన్న టీ డబ్బాకి తొడిగే సంచి సరసాతో కుట్టించుకోవడం పెద్దింటి లక్షణం, చిన్న ముక్కల్ని కూడా దాచుకునేవాళ్ళు. ఇంకో రకం చారల బట్టని సాంతొమె అనేవాళ్ళు, అది మైలాపూరు పక్కన ఉన్న శాన్‌థోమ్ పేరు! అక్కడ కలంతో, అచ్చుతో గుడ్డ మీద అద్దినవాడికి ఈ దేశం ఉందని కూడా తెలిసుండదు. తిరుగు టపాలో ఇక్కడి రాగి కోరమండల్ తీరానికి వచ్చి అమ్ముడుపోయేది. మా పెదనాన్నగారిది పెడన, ఇప్పటికీ వాళ్ళింటి వెనక అద్దకం బల్లలున్నాయి, ఆయన చెక్క అచ్చులు పెట్టి కొడుతుంటే ఆ టక్ టక్ చప్పుడు మధ్య నేను వేసవి సెలవులన్నీ గడిపా. ఆ పని ఈ దీవి దాకా వచ్చిందని ముప్పై నాలుగేళ్ళకి తెలిసింది నాకు, అది కూడా 520 యెన్లు కట్టి.

బందరులో డచ్చివాళ్ళ సమాధులు ఉన్నాయి, బందరోళ్ళకి తెలుసు, రాళ్ళ మీద వాళ్ళ భాషలో చెక్కిన పెద్ద పెద్ద అక్షరాలు, వంశ ముద్రలు. చిన్నప్పుడు క్రికెట్ బాల్ పోతే తప్ప అటు వెళ్ళలేదు మేం. బయటికొచ్చేటప్పుడు నాన్న "మన దగ్గర చచ్చిపోయిన చోటుంది, వీళ్ళు బతికిన చోటు కట్టి చూపిస్తున్నారు" అని ఊరుకున్నారు. తర్వాత మినీ దెజిమా దగ్గర, పదిహేనో వంతు సైజులో దీవి మొత్తం చేసి పెట్టారు, అక్కడ అమ్మ ఫోటో తీయమంది.

మొత్తం మూడు గంటలు పట్టింది. గైడ్ పుస్తకాల్లో గంట అని రాస్తారు, నమ్మకండి. రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచే ఉంటుంది, కాబట్టి పగలు వేరేవి చూసుకుని సాయంత్రం లైట్లు వేశాక వెళ్ళినా బావుంటుంది. బోర్డుల మీద ఇంగ్లీషు చాలా చోట్ల ఉంది, కొన్ని లోపలి వివరాలు జపనీసే.

తర్వాత షిన్చి చైనాటౌన్ స్టాపులో మారి 5 నంబర్ ఆకుపచ్చ. ఇక్కడ అందరూ ఓఉరా చర్చి స్టాపులో దిగి వాలు రోడ్డెక్కి చర్చి, దాని పైన గ్లోవర్ గార్డెన్ అని ఎక్కుతూ ఆయాసపడుతూ పోతారు. అమ్మకి మోకాళ్ళు. మాకు హోటల్ రిసెప్షన్లో అమ్మాయి చెప్పిన కిటుకు, చివరి స్టాపు ఇషిబషి దాకా వెళ్ళండి, అక్కడ కొండ మీదికి వాలుగా పాకే లిఫ్ట్ ఉంది, ఫ్రీ, ఊళ్ళోవాళ్ళు ఇళ్ళకి వెళ్ళడానికి వాడేది. ఇంటి సరుకులు పట్టుకున్న బామ్మల మధ్య నిలబడి పైకెళ్ళాం, మీద గార్డెన్ పై గేటు వస్తుంది, అక్కణ్ణుంచి అంతా దిగుడే. తల్లిదండ్రుల్ని తెచ్చుకునే వాళ్ళకి ఈ ఒక్క వాక్యం కోసమే ఈ రివ్యూ అనుకోండి.

గ్లోవర్ గార్డెన్ 620 యెన్లు. ఓకే. స్కాట్లాండ్ వాడు గ్లోవర్, 1859లో వచ్చి, తుపాకులు, ఓడలు అమ్మి, బొగ్గు గనుల్లో దిగి, జపాన్‌ని ఏలుతున్న సైనిక పాలకుడు షోగున్‌ని పడగొట్టే వాళ్ళకి సరుకు సప్లై చేసినవాడు. 1863లో కట్టుకున్న ఇల్లు, జపాన్‌లో మిగిలిన పాశ్చాత్య చెక్క ఇళ్ళలో ఇదే పాతది. వరండాలోంచి రేవు, ఎదురుగా మిత్సుబిషి షిప్‌యార్డు, 1909 నాటి పెద్ద క్రేను ఇంకా నిలబడి ఉంది. వ్యూ బావుంది, పూలు బావున్నాయి, పెళ్ళి ఫోటోల జనం ఎక్కువ. దీనికి గంట చాలు.

ఓఉరా చర్చి 1000 యెన్లు, మ్యూజియంతో కలిపి. ఖరీదే. లోపల ఫోటోలు తీయనివ్వరు. తెల్లటి చిన్న చర్చి, 1864లో కట్టడం పూర్తయింది, కట్టింది ఇక్కడ ఉండే విదేశీయుల కోసం. అప్పటికి జపాన్‌లో క్రైస్తవం నిషేధం పెట్టి రెండొందల యాభై ఏళ్ళు, తొక్కు బొమ్మ అని మేరీ మాత బొమ్మ కింద పెట్టి ఏటా జనం చేత తొక్కించేవాళ్ళు, తొక్కనివాడు దొరికినట్టే. దేశంలో ఒక్క క్రైస్తవుడు కూడా మిగల్లేదనుకున్నారు. 1865 మార్చి 17న ఉరకమి అనే పల్లె నుంచి ఓ పదిహేను మంది రైతులు చర్చి చూడ్డానికి వచ్చినట్టు వచ్చారు, అందులో ఒకావిడ ఫ్రెంచి పాదిరి దగ్గరికి నెమ్మదిగా జరిగి మా మనసూ మీ మనసూ ఒకటే అని చెప్పి, మేరీ మాత బొమ్మ ఎక్కడుందని అడిగింది. ఏడు తరాలు, పాదిరి లేడు, పుస్తకం లేదు, బయటికి బౌద్ధులు, ఇంట్లో మాత్రం నోటితో నోటికి ప్రార్థనలు. ఆ బొమ్మ ఇంకా ఉంది, చూడొచ్చు. నేను దేవుణ్ణి పెద్దగా నమ్మను గానీ అక్కడ బెంచీ మీద కాసేపు కూర్చుండిపోయా.

ఈ ఉరకమి పేరు గుర్తుపెట్టుకోండి.

రెండో రోజు పొద్దున్న స్టేషన్ వెనక వైపు కాదు, ఎదర ఉన్న చిన్న గుట్ట, నిషిజక, ఐదు నిమిషాల నడక. 1597 ఫిబ్రవరి 5న అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి ఆర్డరు మీద 26 మంది క్రైస్తవుల్ని ఇక్కడ శిలువ వేశారు. క్యోటో నుంచి చలికాలంలో నడిపించుకుంటూ తెచ్చారు వాళ్ళని, పన్నెండేళ్ళ పిల్లాడు కూడా ఉన్నాడు. 26 మంది కంచు బొమ్మలు వరసగా గోడ మీద, కాళ్ళు నేలకి ఆనకుండా గాల్లో తేలుతున్నట్టు. పార్కు ఫ్రీ. అందులో ఒకాయన గొన్సాలో గార్సియా, ముంబై పక్కన వసయ్‌లో పుట్టినవాడు, 1862లో సెయింట్ అని ప్రకటించారు. మనవాళ్ళెవరూ రారు ఇక్కడికి, మేమున్న అరగంటలో ఇద్దరు కొరియన్ నన్స్ తప్ప ఎవరూ లేరు.

అక్కణ్ణుంచి మళ్ళీ నీలం ట్రామ్, ఉత్తరంగా, హెయివ కోఎన్ స్టాపు. పీస్ పార్కు. 9.7 మీటర్ల పెద్ద నీలం విగ్రహం, కుడి చెయ్యి పైకి బాంబు వచ్చిన ఆకాశం వైపు, ఎడమ చెయ్యి పక్కకి చాపి. నిజం చెప్పాలంటే విగ్రహం నాకు నచ్చలా, జిమ్‌కి వెళ్ళే దేవుడిలా ఉంది. దానికంటే ముందున్న ఫౌంటెన్ మేలు, కాలిపోయినవాళ్ళు నీళ్ళు నీళ్ళు అంటూ పోయారు కాబట్టి నీళ్ళు పెట్టారు. బాంబు సరిగ్గా పేలిన చోటు కొంచెం కింద, వేరే పార్కులో, నల్లటి రాతి స్తంభం ఒకటి, అంతే. 1945 ఆగస్టు 9, పొద్దున్న 11:02, ఆ స్తంభానికి పైన 500 మీటర్ల ఎత్తులో. ఆ విమానం ముందు వెళ్ళింది కొకురా మీదికి, అక్కడ మబ్బులు, పొగ వల్ల కింద ఏమీ కనపడక ఇటు తిరిగింది. కొకురా మా ఆఫీసు కొలీగ్ ఊరు, వారం వారం అక్కడికి వెళ్తుంటాడు, ఆ రోజు తర్వాత వాడితో ఈ విషయం ఎత్తడానికి నోరు రాలేదు.

మ్యూజియం టికెట్ 200 యెన్లు. లోపలికి వెళ్ళగానే 11:02 దగ్గర ఆగిపోయిన గోడ గడియారం. కరిగి ముద్దైపోయిన గాజు సీసాలు. బాంబు అంత సైజు పసుపు రంగు మోడల్. ఆ ఏడాది చివరికి చచ్చిపోయినవాళ్ళు దాదాపు 74,000. అమ్మ సగంలో బయటికొచ్చేసింది, నేనూ వెంట వచ్చేశా, నాన్న మాత్రం ప్రతి బోర్డూ చదివి గంటన్నరకి వచ్చారు. హిరోషిమా మ్యూజియంతో పోలిస్తే చిన్నది, రద్దీ తక్కువ, నిలబడి చదవడానికి వీలుంటుంది. పిల్లల్ని తెచ్చేవాళ్ళు ఒకసారి ఆలోచించుకోండి.

బాంబు పడింది ఎక్కడంటే ఉరకమి మీద. అదే ఉరకమి. 1865లో బయటపడిన ఆ రైతుల్ని ప్రభుత్వం వదిలిపెట్టలేదు, పల్లెలో మూడు వేల మందికి పైగా పట్టుకెళ్ళి దేశంలో తలా ఒక మూలకి తోలేసింది, 1873లో నిషేధం ఎత్తేశాక బతికినవాళ్ళు తిరిగొచ్చారు, వచ్చి ఇటుక ఇటుక పోగేసి 1914కి పెద్ద చర్చి కట్టుకున్నారు. ఆ చర్చికీ బాంబు పేలిన చోటుకీ అర కిలోమీటరు దూరం. అక్కడి క్రైస్తవులు 12,000 మంది దాకా ఉంటే 8,500 మంది పోయారంటారు. చర్చి 1959లో మళ్ళీ కట్టారు, పక్కన పాతదాని గోపురం ముక్క ఏటి గట్టున పడిన చోటే పడి ఉంది. నిన్న సాయంత్రం ఆకుపచ్చ లైను చివర ఆవిడ బొమ్మ ఎక్కడని అడిగిన కథ విని, ఇవాళ నీలం లైను పక్కన ఆవిడ ఊరికి పట్టిన గతి చూస్తాం. మధ్యలో ట్రామ్ ప్రయాణం అరగంట. ఏ టూర్ బస్సువాడూ ఈ రెంటినీ కలిపి చెప్పడు, ఒకటి 'చర్చి', ఒకటి 'బాంబు' అంతే వాళ్ళకి.

ఓపికుంటే సన్నో జింజ కూడా చూడండి, గుడి ముందు రాతి తోరణానికి ఒక కాలు బాంబు దెబ్బకి ఎగిరిపోతే మిగిలిన ఒంటికాలి మీదే నిలబడి ఉంది. లోపల రెండు కర్పూరం చెట్లు, కాలి మోడైపోయి, మళ్ళీ చిగిర్చి, ఇప్పుడు చల్లటి నీడ. అమ్మ చెట్టుకి దణ్ణం పెట్టింది. ఎవరూ వింతగా చూళ్ళేదు.

గుంకన్‌జిమా, అంటే జనం వదిలేసిన ఆ గని దీవి గురించి అడుగుతారు అందరూ, అది ట్రామ్ పాస్‌లో రాదు, వేరే బోటు కంపెనీలు. పేరు చెప్పను గానీ మేం వెళ్ళిన బోటు అలలెక్కువని దీవి మీద దింపలేదు, చుట్టూ తిప్పి తెచ్చి దిగే రుసుం వరకూ కొంచెం వెనక్కిచ్చారు, బోటు చార్జీ మాత్రం గోవిందా. దూరం నుంచి చూస్తేనే గుండె జల్లుమంటుంది, కాదనను, 6 హెక్టార్ల పైచిలుకు రాయి మీద ఒకప్పుడు 5,000 మందికి పైగా జనం, 1916లోనే కాంక్రీటు అపార్ట్‌మెంట్, 1974లో గని మూసేసి అందరూ వెళ్ళిపోయారు. కానీ మైకులో చెప్పినాయన అక్కడ టీవీలు ముందొచ్చాయి, స్కూలు ఉండేది అని ముచ్చట్లు చెప్పాడే తప్ప యుద్ధం రోజుల్లో కొరియా, చైనా వాళ్ళని తెచ్చి బలవంతంగా గనిలో దింపిన సంగతి ఎత్తలేదు. 2021లో యునెస్కో కమిటీ కూడా ఈ విషయంలోనే తప్పుపట్టింది. నాన్నకి జపనీస్ రాదు కాబట్టి నేను తర్జుమా చేస్తుంటే "ఇంకా చెప్పలేదా" అని రెండుసార్లు అడిగారు. వాతావరణం చూసుకుని, దింపకపోయినా పర్లేదనుకుంటేనే బుక్ చెయ్యండి.

తిండి. చంపోన్ ఈ ఊరి ఫేమస్ నూడుల్స్, 1899లో పెట్టిన చైనా హోటల్లో పుట్టింది, చదువుకోవడానికొచ్చిన చైనా కుర్రాళ్ళకి కడుపునిండా చవగ్గా పెట్టాలని. నేను తిన్నా, చిక్కటి తెల్లటి పులుసు, క్యాబేజీ, రొయ్యలు, పంది మాంసం, అద్భుతం. శాకాహారులకి అసలు కుదరదు, కూరగాయలు మాత్రమే వెయ్యమన్నా పులుసే ఎముకలది. కస్తెరా కేకు పోర్చుగీసు వాళ్ళ దగ్గర నేర్చుకున్నది, అడుగున పంచదార పలుకులు తగుల్తాయి, అందులో గుడ్లు. దాంతో అమ్మకి మిగిలింది తెచ్చుకున్న చింతపండు పులిహోర, కందిపొడి, కన్వీనియన్స్ స్టోర్లో ఉమెబోషి (ఉప్పులో ఊరేసిన పుల్లటి కాయ) పెట్టిన అన్నం ముద్దలు, "ఉప్పూరిన ఉసిరికాయలా ఉందిరా" అని నాలుగు తింది. బివా (లోక్వాట్) పళ్ళ సీజను కలిసొచ్చింది, నాగసాకి బివాకి పేరు, నారింజ రంగులో, లోపల నున్నటి గోధుమ రంగు గింజలు. రెండు పెట్టెలు కొంటే ట్రెయిన్ ఎక్కేలోపు ఒకటి ఖాళీ.

పాస్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తా, అర మార్కు ట్రామ్‌లో అమ్మనందుకు కోశా. దెజిమాకి ఐదుకి ఐదు, ఇది బందరోడి మార్కు, మీకు నాలుగు రావచ్చు. ఓఉరా చర్చికి నాలుగున్నర, గ్లోవర్‌కి మూడు, బాంబు మ్యూజియంకి మార్కులు వెయ్యను. నాన్న ఆ రెండు రోజుల పాసులూ పర్సులో పెట్టుకున్నారు, ఊరెళ్ళాక పెదనాన్నకి చూపించాలట. స్టేషన్ ముందు ఎక్కేటప్పుడు నీలం 1 చూసుకోండి, ఎర్ర 3 కాదు.